మొదటికోత రంగు లిప్‌స్టిక్కు

కిందటి వారం మోకాళ్ళ డాక్టరుకు చూపించుకుని ఇంటికి పోదామని ఆటో ఎక్కిన నన్ను, మా మనవరాలు బ్రాడీపేటలో మధ్యలోనే దింపి, ఒక మేకప్ సామాన్ల కొట్టు ముందుకు లాక్కుపోయింది. అక్కడ ఆడపిల్లలు మెట్ల మీద నుంచి రోడ్డు దాకా బారులు తీరి ఉన్నారు. మనం రేషను కిరసనాయిలు కోసం నిలబడ్డ రోజులు గుర్తొచ్చాయి, కాకపోతే వీళ్ళ చేతుల్లో డబ్బాలకు బదులు ఫోన్లున్నాయి. సంగతేమిటంటే, ఎండాకాలానికని ఏదో కంపెనీవాళ్ళు కొత్త లిప్‌స్టిక్కులు దించారట, ఈ ఒక్క సీజనుకేనట, ఆ కొట్టుకు వచ్చింది ఒక్క పెట్టేనట. లిమిటెడ్ ఎడిషన్ అమ్మమ్మా, లిమిటెడ్ ఎడిషన్ అని దారి పొడుగునా చెబుతూనే ఉంది. నాకు ఇంగ్లీషు అర్థం కాలేదని కాదు, ఆ మాటకు ఇవ్వాల్సిన గౌరవం నేను ఇవ్వడం లేదని. చివరికి లోపలికి చేరాక కౌంటరు దగ్గరి అమ్మాయి నవ్వుతూ, "త్వరగా తీసుకోండమ్మా, అయిపోతే మళ్ళీ రాదండి" అంది. అంతే, నాకు నవ్వు ఆగలేదు. కొట్టంతా నా వైపు చూసింది, మనవరాలు నేనెవరో తెలియనట్టు పక్కకు జరిగింది. ఏం చెయ్యను, ఆ మాట నేను ఇదివరకే విన్నాను. పర్చూరు దగ్గర మా ఊళ్ళో, మిరప కల్లంలో, గోనెపట్టా మీద కూర్చుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని విన్నాను.

నేను ఆరో తరగతితో బడి మానేశాను. మానేశానంటే బడికి కోపం రావచ్చు. ఇద్దరం మాట్లాడుకుని విడిపోయాం అనుకోండి. లెక్కల మాస్టారు ప్రశ్న వేస్తే జవాబుకు బదులు నేనింకో ప్రశ్న వేసేదాన్ని, తరగతి మొత్తం నవ్వేది, ఆయన నన్ను గోడవైపు తిప్పి నిలబెట్టేవారు. గోడ చూడటానికి అంతదూరం వెళ్ళడమెందుకు, మనింట్లో లేవా గోడలు అని మా అమ్మ నన్ను తనతోపాటు కల్లానికి తీసుకుపోయింది. అక్కడ ఎండిన కాయ గుట్టలు గుట్టలుగా పోసి ఉండేది. చుట్టూ కూర్చుని తొడిమలు తీయడం, తెల్లబారిన తాలుకాయ ఏరి పక్కన పడేయడం, తుమ్మడం, మళ్ళీ తొడిమలు తీయడం, ఇదీ మా పని. సాయంత్రానికి వేళ్ళు నిప్పులతో కడిగినట్టుండేవి. నీళ్ళతో ఎంత తోమినా ఆ మంట వదలదు. ఆముదం పట్టించి, సున్నిపిండితో రుద్దుకుంటే గాని ఆ చేతులతో అన్నం కలుపుకోలేం.

మా ముఠాకు పెద్ద మా వదిన, అంటే మా పెద్దన్నయ్య భార్య. ఏ రైతు కల్లానికి ఎవరు వెళ్ళాలో, ఎవరి పక్కన ఎవరు కూర్చుంటే పని సాగుతుందో, ఎవరిని విడదీస్తే కబుర్లు తగ్గుతాయో ఆవిడకే తెలుసు. చుట్టుపక్కల ఊళ్ళ ముఠాల్లో కూడా ఆవిడ మాటకు ఎదురుండేది కాదు. రైతులు సైతం ఆవిడ ముందు ఒక మెట్టు దిగే మాట్లాడేవాళ్ళు. దిగనిదాన్ని నేనొక్కదాన్నే. ఆడపడుచునన్న హోదా ఒకటి ఏడ్చింది కదా, దాన్ని ఉత్తినే పోనివ్వడమెందుకు?

ఇక గాజుల పిన్ని సంగతి. ఆవిడ దూదేకులవారి ఆడపడుచు. భర్త పరుపులకు దూది ఏకేవాడు, ఆవిడ గాజుల మలారం భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగేది. మాకు చుట్టం కాకపోయినా చుట్టాలకంటే ఎక్కువగా మా చేతులు ఆవిడకు తెలుసు. మణికట్టు పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఇది ఫలానా వాళ్ళ పిల్ల చెయ్యి అని చెప్పేది. ఏడాది పొడుగునా గాజులే తెచ్చినా, శివరాత్రికి ముందు మాత్రం చీరాల వెళ్ళి ఒక రేకుపెట్టె నింపుకొచ్చేది. దాన్ని మేం శివరాత్రి పెట్టె అనేవాళ్ళం. కొత్త రంగుల తిలకం సీసాలు, గోళ్ళరంగు, స్నో, వాసన పౌడరు, చమ్కీ రిబ్బన్లు, అన్నీ కాసిని కాసిని. కిందటేడు వచ్చింది ఈ ఏడు ఉండదు, ఈ ఏడు వచ్చింది పైయేడు ఉండదు. "ఈ ఏటి రంగమ్మా ఇది, అయిపోతే మళ్ళీ రాదు" అని ఆవిడ మూత తీస్తుంటే, మా గుండెలు ఆ మూతతోపాటే పైకి లేచేవి. ఒక ఏడు నీలం గోళ్ళరంగు వచ్చింది. సరదాపడి పదివేళ్ళకూ వేసుకుని ఇంటికి వెళితే, మా అమ్మ నా గోళ్ళు చూసి, పాము ముట్టిందనుకుని మంత్రగాడి ఇంటికి సగం దూరం పరిగెత్తింది.

నాకు పదహారో పదిహేడో వచ్చిన ఏడు ఆ పెట్టెలోంచి లిప్‌స్టిక్కులు బయటికొచ్చాయి. సినిమా గోడబొమ్మల మీద తప్ప పెదవులకు రంగు చూసినవాళ్ళం కాదు. మా పెదవులకు తెలిసిన ఎరుపల్లా తాంబూలం ఎరుపే. పిన్ని తెచ్చింది రెండంటే రెండు. ఒకటి ముదురు ఎరుపు, ఒకటి లేత గులాబి. ఎర్రదాని అడుగున ఇంగ్లీషులో ఏదో పేరు రాసి ఉంది. అక్కడున్నవాళ్ళలో ఆరో తరగతి చూసిన పండితురాల్ని నేనే కాబట్టి చదవమని నా చేతికిచ్చారు. నేను దాన్ని ఎండకు పట్టి, కళ్ళు చిట్లించి, "మొదటికోత" అని చదివేశాను. ఎవరూ అనుమానపడలేదు. మొదటి కోతలో దిగే కాయ ఎలా ఉంటుందో మనకు తెలియదా, మందంగా, నల్లెరుపుగా, ఎండినా నిగనిగలాడుతూ, అచ్చం అలాగే ఉంది మరి. అంతటితో ఊరుకోవచ్చు కదా, గులాబీదాన్ని కూడా చేతిలోకి తీసుకుని "తాలు" అని చదివాను. ఇక దాన్ని ముట్టుకున్నవాళ్ళు లేరు.

"నీ నోరు పడిపోనూ, నా సరుకు నన్నమ్ముకోనివ్వవే!" అని పిన్ని నా వీపు మీద ఒక్కటి వేసింది.

మొదటికోత ఒక్కరు కొనగలిగేది కాదు, కాబట్టి వదినతో కలిపి ఐదుగురం జతకూడి కొన్నాం. కొన్న మరుక్షణం వదిన శాసనం చేసింది. ఐదుగురు వాడే వస్తువు కనుక కడ్డీ ఎవరి మూతికీ తగలకూడదు, తగిలితే ఎంగిలి. వేలితో తీసుకోవాలి, వేలితోనే రాసుకోవాలి. మనవాళ్ళ ఎంగిలి పట్టింపు మీకు తెలియనిదా, చెంబు ఎత్తి గుటకలు వేసేవాళ్ళమే గాని అంచు కరిచిన పాపాన పోలేదు. అందరం తలలూపాం. పెద్దరికం ఆవిడది, మొదటి వంతు ఆవిడదే. కుండలో నీళ్ళతో చేతులు గబగబా తడుపుకుని, పైటతో తుడుచుకుని, చూపుడువేలితో ఇంత తీసి, పిన్ని పట్టుకున్న అద్దంలో చూసుకుంటూ పెదవుల నిండా పులిమింది. నిజం చెప్పొద్దూ, బ్రహ్మాండంగా ఉంది. మేం ఇంకా మెచ్చుకోవడం పూర్తికాలేదు.

"అమ్మో, నా మూతి! ఓరి నాయనో!"

చూస్తుండగానే పెదవులు రెండూ పొంగిన గారెల్లా అయ్యాయి. నీళ్ళు పోసింది, ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంది, గెంతింది. గెంతడం అయ్యాక పిన్ని మీద పడింది.

"ఏం పిన్నీ, నువ్వమ్మేది రంగా, కారమా? ఇంకే కల్లంలో ఈ పెట్టె తెరుస్తావో నేనూ చూస్తా!"

పిన్ని ముఖంలో రక్తం లేదు. అది ఊరికే అన్న మాట కాదని అక్కడ అందరికీ తెలుసు. వదిన కబురు పంపితే సాయంత్రానికల్లా చుట్టుపక్కల కల్లాలన్నీ మూసుకుపోతాయి. ఆ ఏడు పిన్ని భర్త దూది దుమ్ముకు దగ్గు పట్టి, ఏకే విల్లు పక్కన పెట్టేశాడు. ఇంటికి ఆ రేకుపెట్టె తప్ప వేరే ఆధారం లేదు. ఇక్కడ చెడ్డపేరు వస్తే పైయేడు పెట్టె అన్న మాటే ఉండదు. "అల్లా తోడు, మీ శివయ్య తోడు, ఇన్నేళ్ళలో నా సరుకు ఎవర్నీ ఏడిపించలేదమ్మా" అని చేతులు జోడించింది. ఏడిపించింది కదా ఇప్పుడు అన్నట్టు వదిన, కారుతున్న కన్నీళ్ళను అదే చూపుడువేలితో తుడుచుకుని, ఈసారి ఇంకా పెద్ద కేక పెట్టింది. కన్ను చింతనిప్పయింది.

"రంగు కంటికి కూడా రాసుకున్నావా వదినా?" అన్నాను.

అందరూ నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే నవ్వడం మానేశారు. కంటికి రంగు రాయలేదు కదా, మరి కన్నెందుకు మండింది? అందరి చూపులూ వదిన వేలి మీదికి పోయాయి, అక్కడి నుంచి ఎవరి వేళ్ళ మీదికి వాళ్ళవి పోయాయి. పొద్దుటి నుంచీ తొడిమలు తీస్తున్న వేళ్ళు. వదినకూ అర్థమైంది, అర్థమైనట్టు ఆవిడ ముఖమే చెప్పింది, కాని అంతమంది ముందు ఒప్పుకుంటే పెద్దరికం ఏమైపోతుంది?

"కడుక్కున్నాను కదే, కళ్ళు కనబళ్ళేదా?"

"నీళ్ళకే పోతే ఇంటింటా ఆముదం సీసాలెందుకు వదినా?"

"అంత తెలిసినదానివి, నువ్వు రాసుకో చూద్దాం."

రాసుకుందామంటే నా వేళ్ళు మాత్రం తక్కువ తిన్నాయా? ఆముదం ఇంటి దగ్గరుంది, ఈలోగా పిన్ని మూటకట్టుకుని వెళ్ళిపోయేట్టుంది, వెళ్ళిపోయాక నిజం ఎవరికి కావాలి. నేను లిప్‌స్టిక్కు మూత తీసి, కడ్డీ పైకి తిప్పి, అద్దం కూడా చూడకుండా, వదిన వేలు పడని పక్కను సరాసరి మూతికేసి ఈ చివరి నుంచి ఆ చివరికి గీసేశాను.

"ఎంగిలి చేసిందే!" అని నలుగురూ ఒక్క గొంతుతో అరిచారు.

"చేశాను. ఇదిగో మూతి. మండితే నేనే చెబుతా, కడుపులో మాట దాచుకునే జాతి కాదని మీకు తెలుసుగా."

పాలు పొంగుతాయా లేదా అని పొయ్యి దగ్గర కూర్చున్నట్టు నా మూతి చుట్టూ కూర్చున్నారు. నేను కదలలేదు. కాసేపయ్యాక, అమ్మో అని ఒక్క అరుపు అరిచి వాళ్ళను బెదరగొట్టి, దోమ కుట్టిందర్రా అన్నాను. పిన్ని అప్పుడు నవ్వింది. ఏడుస్తూ నవ్వింది.

పిన్ని పరువైతే దక్కింది గాని, మా మొదటికోత ఎంగిలైపోయింది. ఆ ఏటి రంగు, అదొక్కటే, మళ్ళీ రాదు. కలిసి కొన్నవాళ్ళ ముఖాలు చూడలేకపోయాను. శివరాత్రి తిరునాళ్ళకు ప్రభల ముందు ఎలా నడవాలో కూడా ఆలోచించి పెట్టుకున్న పిల్లలు మరి. ఆ పూటకు ఎవరూ నాతో మాట్లాడలేదు, మాట్లాడకపోతే నాకెంత నరకమో మీరే ఊహించుకోండి.

మర్నాడు వదిన ఆముదంతో చేతులు తోముకుని, పెదవులకు వెన్న రాసుకుని కల్లానికి వచ్చింది. నా ముందు నిలబడి చెయ్యి చాపింది. లిప్‌స్టిక్కు ఇచ్చాను. మూత తీసింది, నా పెదవులు తగిలి నున్నబడ్డ కొసను ఒక్కసారి చూసింది, వేలు పెట్టలేదు, తిన్నగా తన వాచిన మూతికే రాసుకుంది.

"నా చేతి ముద్దలు తిని పెరిగిన పిల్ల. దీని ఎంగిలి నాకెప్పుడు ఎంగిలైందే?" అని, పక్కదాని చేతిలో పెట్టింది. అది తన మూతికి రాసుకుని దాని పక్కదానికిచ్చింది. అలా నలుగురి మూతులూ తిరిగి నా దగ్గరికొచ్చింది. ఆ పూట గాజులతో మళ్ళీ వచ్చిన పిన్నికి వదిన క్షమాపణ చెప్పిందనుకునేరు, చెబితే ఆవిడ మా వదిన ఎందుకవుతుంది? "పిన్నీ, ఎల్లుండి పక్కూరి కల్లానికి రా, బోలెడంతమంది ఉంటారు. చేతులకు ఆముదం రాయించాకే పెట్టె తెరువు" అంది, అంతే. ఆ ఏడు పిన్ని పెట్టెలో తాలు కూడా మిగల్లేదు.

తిరునాళ్ళలో మా పెద్దన్నయ్య మమ్మల్ని చూసి, అందరి మూతులూ ఒకే రంగున్నాయేంటే, అందరూ ఒకే ఆకు నమిలారా అన్నాడు. ఒకటే ఆకు అన్నయ్యా, తలా ఒక కొరుకు అన్నాను. ఆ లిప్‌స్టిక్కును వానాకాలం దాకా వాడాం, చివరికి అగ్గిపుల్లతో గీక్కున్నాం. మరుసటేడు పిన్ని పెట్టెలో ఎంత వెతికినా ఆ రంగు లేదు. ఆవిడ అబద్ధం ఆడలేదు.

ఇంతకీ బ్రాడీపేట కొట్టులో నేను నవ్వాపుకున్నాక ఆ కౌంటరమ్మాయి, ఈ లిప్‌స్టిక్కులో మిరపకాయ సారం కలుపుతారని, రాసుకోగానే కాస్త మండుతుందని, ఆ మంటకు పెదవులు నిండుగా పొంగుతాయని, దానికే ఇంత గిరాకీ అని వివరంగా చెప్పింది. "అమ్మాయ్, దీన్ని మా వదిన ఎప్పుడో కనిపెట్టింది. అప్పుడు మేం అమ్మినావిడ మీద తగువుకు వెళ్ళాం" అన్నాను. మనవరాలు గబగబా ఒకటి కొనేసి, నా కొంగు పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చింది.

ఇంటికి రాగానే అది రాసుకుని, ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ అద్దంలో చూసుకుని మురిసిపోయింది. అచ్చం వదిన గెంతులే, కాకపోతే డబ్బిచ్చి గెంతుతోంది. నాకూ కాస్త పెట్టవే అంటే, బంగారుతల్లి, కాదనలేదు. కొసను కాగితంతో తుడిచి, ఏదో మందు చల్లి, చిన్న పుల్లతో ఇంత గీసి నా వేలి మీద పెట్టింది. ఒకరిది ఒకరు వాడితే ఇన్ఫెక్షన్లు వస్తాయి అమ్మమ్మా అంది. వస్తాయి, డాక్టర్లూ అదే అంటున్నారు, నేను వాదించలేదు.

వేలితోనే రాసుకున్నాను. మండింది. బాగానే మండింది, మన గుంటూరు కాయే అయ్యుంటుంది. వదిన పోయి మూడేళ్ళయింది, పిన్ని అంతకు చాలా ముందే పోయింది, ఆ కలిసి కొన్నవాళ్ళలో ఇప్పుడు నేనే మిగిలాను. మూతి మంట ఎప్పుడంటే అప్పుడు దొరుకుతోంది, డబ్బాలో పెట్టి అమ్ముతున్నారు, క్యూలో నిలబడితే చాలు. మూత తీసి, నా పెదవులు తగిలిన కొసను తుడవకుండా పక్కకు అందిద్దామంటేనే, పక్కన ఎవరూ లేరు.