తగ్గింది అన్న మాట

మడివాళలో మా పక్కింటి అక్క మొన్న శుక్రవారం ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. పీజీ హాస్టల్లో ఉండే ఆడపిల్లలకు ఆమే వండిపెట్టేది. ఏ పిల్లైనా తినకుండా పడుకుంటే తలుపు తట్టి లేపేది. "ఖాళీ కడుపుతో ప్రార్థన చేస్తే దేవునికి ఆ గుడగుడే వినపడతాది" అనేది.

నిరుడు ఆమెకు ఎప్పుడు చూసినా నీరసం, ఒళ్ళు బరువు. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ అనే అంకె చాలా ఎక్కువగా వచ్చింది. థైరాయిడ్ మందగించిందని డాక్టరు మాత్ర రాసి, మళ్ళీ పరీక్ష చేయించుకుని రమ్మన్నారు. రోజూ పరగడుపున మాత్ర వేసుకుని, ఆ తర్వాతే కాఫీ ముట్టుకునేది.

కొన్ని నెలలకు హుషారు వచ్చింది, ఒళ్ళు తేలికైంది. అందరం మెచ్చుకున్నాం. ఆ పైన మరీ చిక్కిపోయింది. చపాతీ పిండి కలుపుతుంటే గాజులు జారి పిండిలో పడేవి. చలికాలంలో కూడా చెమటలే.

"చేతులు వణుకుతున్నాయేం అక్కా?" అన్నాను ఒకసారి.

"పని ఎక్కువుండాది, అంతే. నన్ను చూసింది చాలు, ఆడ పాలు పొంగిపోతాండాయి చూడు."

రెండో రిపోర్టును చర్చిలో స్త్రీల కూటానికే పట్టుకొచ్చింది. "తగ్గిందప్పా. అంత పెద్ద అంకె, ఇప్పుడు సున్నా దగ్గరికొచ్చేసింది." అందరం స్తోత్రం చెప్పాం. డాక్టరుకు చూపించవా అని ఎవరో అడిగితే నవ్వింది. "తగ్గినాక ఆయనతో ఏం పని? మాత్ర మాత్రం విడిచేది లేదు. తగ్గించింది అదే కదా."

పోయిన వారం వంటింట్లో కూలబడింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆ రిపోర్టు చూసి, అంకె కింద పెన్నుతో గీత గీసింది. "ఈ అంకె ఇంత కిందికి పోతే జబ్బు తగ్గినట్టు కాదమ్మా. మాత్ర ఎక్కువైనట్టు. అది ఇన్నాళ్ళూ గుండెను పరిగెత్తించింది."

జబ్బు నయమైనా తగ్గిందంటాం, అంకె దిగినా తగ్గిందంటాం. మీ ఇంట్లో ఎవరైనా రిపోర్టు చూసి ఆ మాట అంటే, తగ్గింది ఏమిటో డాక్టరును అడగండి.

ఆసుపత్రి మంచం మీద అక్క డాక్టరమ్మ చెప్పిందంతా విన్నది. "అయితే నేను స్తోత్రం చెప్పింది రోగానికా," అని నవ్వబోయింది. "ప్రభువు సర్దుకుంటాడులే." తర్వాత నా చెయ్యి తీసి తన ఎద మీద పెట్టుకుంది. "భయంగా ఉండాది. ప్రార్థన చెయ్."

నేను మెల్లగా మొదలుపెట్టాను. నా అరచేతి కింద ఆమె గుండె తడబడుతూ, ఒక్క క్షణం ఆగుతూ, మళ్ళీ ఉరుకుతూ, నా మాటలకంటే చాలా ముందుకు వెళ్ళిపోతోంది.