తెర వెనక పెళ్లికూతురు

ఈ సాయంత్రం ఆఫీసర్ల క్లబ్బు మైదానంలో పాత నలుపు తెలుపు హాలీవుడ్ ప్రేమ కామెడీ వేశారు. టాటానగర్ రైల్వే క్వార్టర్ల కుర్రాళ్ళం కుర్చీల్లో కూర్చోబోతే, ఒక ఇంజినీరు గారు మమ్మల్ని తెర వెనక్కి తరిమారు.

"ఇంగ్లీషు జోకులు మీకేటి అర్థమవుతాయిరా? చలో, పీఛే!"

వెనక నుంచి బొమ్మ కుడిఎడమలు తారుమారై కనిపించింది. అయినా సినిమాలో హీరోయిన్ పిల్ల మాటకు మాట విసురుతుంటే, కోపంలోనూ పకపకా నవ్వాను. చివర్లో ఆమె పెళ్లిమండపంలో కోటీశ్వరుణ్ణి వదిలేసి, తను మనసిచ్చిన డ్రైవరు కోసం పరుగెత్తింది. కుర్చీలవాళ్లకు కుడివైపు, మాకు ఎడమవైపు! నేను ఈల వేశాను.

"ఎవడ్రా అది?" అని అరిచారు ఇంజినీరు గారు.

"పెళ్లికూతురు లెఫ్టులో చేరిపోనాది బాబూ! మీకు రైటుకెల్లినట్టు కనబడిందేటి?"

తెర వెనకంతా ఘొల్లుమంది.

నా పగ చల్లారలేదు. వచ్చే ఆటకు ముందు వరుసలోనే కూర్చుంటాను. మన క్వార్టర్లలో ఇంటింటికీ పంపుతున్న ఈ కాగితం కింద, కుర్రాళ్లారా, మీలో ఎవరొస్తారో పేర్లు రాయండి.