ముందే పడిన అప్పగింతల పాట

కొత్త ఫోను చేతికొచ్చిన మర్నాడు మధ్యాహ్నం, భోంచేసి నడుం వాల్చవలసిన వేళ, నేను ఆ ఫోనుకీ మా పాత కంప్యూటరుకీ మధ్య ఒక వైరు తగిలించి, ఆ రెండూ ఎప్పటికి మాటలు కలుపుతాయా అని గదిలో కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఫోను మా అమ్మాయి కొనిచ్చింది. కంప్యూటరేమో క్యాసెట్లకి కాలం చెల్లిపోతున్న రోజుల్లో నేను విజయవాడ వెళ్లి విడిభాగాలు బిగింపించి తెచ్చుకున్నది. వైరు పెడితే ఫోను ఛార్జింగు ఎక్కించుకుంటోంది గాని పాట ఒక్కటి ఎక్కించుకోదు. కంప్యూటరు మాత్రం, మొహం తెలియని చుట్టం గుమ్మంలోకి వచ్చినట్టు, ఈ వస్తువేదో నాకు తెలియదు పొమ్మంటోంది. నందిగామలో బ్యాంకులో పనిచేసే మా అమ్మాయికి పాత ఫోనులోంచి ఫోను చేస్తే, "ఆ పాటలన్నీ నెట్‌లో ఉంటాయి నాన్నా, ఆ డొక్కు కంప్యూటర్‌తో ఎందుకీ తంటాలు?" అని విసుక్కుంది. పాటలు ఉంటాయి, నిజమే. వాటి వరస మాత్రం ఈ డొక్కు కంప్యూటరులోనే ఉంది. రెండు రోజుల్లో వత్సవాయిలో మా అక్క మనవరాలి పెళ్లి. ఆ వరస ఫోనులోకి ఎక్కకపోతే మా అక్కకి ఆ పెళ్లి లేనట్టే.

ఎందుకో చెప్పాలంటే మా మైకుసెట్టు రోజుల దగ్గరికి వెళ్లాలి. జగ్గయ్యపేటలో మా నాన్నగారు పెట్టిన మైకుసెట్టు వ్యాపారంలో, చదువు అబ్బక, మీసాలు రాకముందే చేరాను. రికార్డుల పెట్టె ఒళ్లో పెట్టుకుని, బాకాలూ ఆంప్లిఫయరూ బస్సు టాపు మీద కట్టుకుని నందిగామ వెళ్లి, అక్కడ బస్సు మారి చందర్లపాడు వైపు పల్లెలకు పోయేవాళ్లం. పెళ్లికొడుకు కంటే ముందు మేమే ఊళ్లో దిగేవాళ్లం, అందుకని మాకూ ఆ రోజుకి కొంత మర్యాద ఉండేది. నా తోటివాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఆ బాకా ఎంత ఎత్తున కడితే ఆ ఇంటివారి పరపతి అంత అన్నట్టు ఉండేది.

అయితే ఆ మైకు వినోదానికని మాత్రమే అనుకుంటే పొరపాటు. పెళ్లి ఎంతవరకు వచ్చిందో ఊరికి చెప్పవలసింది అదే. దేవుడి పాటలు పడుతుంటే ఇంకా పిల్లని ముస్తాబు చేస్తున్నారని లెక్క. ఎదురుకోలు పాట పడిందంటే మగపెళ్లివారు పొలిమేరలో దిగారని. మైకు ఠక్కున ఆగిపోయి సన్నాయి ఒక్కటే వినిపిస్తుంటే జీలకర్ర బెల్లం పెడుతున్నారని. పత్తి చేలో ఉన్న ఆడవాళ్లు ఒక్క క్షణం నడుం ఎత్తి, ఉన్నచోటి నుంచే పందిరి వైపు అక్షింతలు వేస్తున్నట్టు చెయ్యి విదిలించి మళ్లీ వంగేవాళ్లు. తలంబ్రాలకి హుషారు పాటలు, ఆ తరవాత బంతి భోజనాల పాటలు. అవి వినగానే కాలవలో కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చేవాళ్లు వచ్చేవాళ్లే. చివర్న అప్పగింతల పాట. ఆ పాట పెట్టేటప్పుడు నాన్నగారు నన్ను సైతం రికార్డు ముట్టుకోనిచ్చేవారు కాదు, తనే పెట్టేవారు. అది మొదలవగానే, చుట్టరికం లేని ఆడవాళ్లు కూడా చేతిలో పని వదిలి వీధిలోకి వచ్చి నిలబడేవాళ్లు, ఊరి పిల్ల వెళ్లిపోతోందని.

రికార్డులు పోయి క్యాసెట్లు, క్యాసెట్లు పోయి కంప్యూటరు వచ్చినా నేను ఆ వరస చెడనివ్వలేదు. అందరూ సినిమా పేరుతోనో పాడినవారి పేరుతోనో పాటలు సర్దుకుంటారు. నేను పెళ్లి తంతు పేర్లతో సర్దాను. పైన ఎదురుకోలు, దాని కింద తలంబ్రాలు, భోజనాలు, అట్టడుగున అప్పగింతలు. డీజేలు వచ్చి నా దుకాణం మూతబడ్డాక కూడా ఆ సర్దుబాటు అలాగే ఉంచుకున్నాను.

వత్సవాయిలో కాపరం చేసిన మా అక్క, మైకు మీద నాకంటే పెద్ద పండితురాలు. పొయ్యి దగ్గర కూర్చునే ఊళ్లో ప్రతి పెళ్లీ పూసగుచ్చినట్టు చెప్పేది. పోయినేడు జారిపడి తుంటి విరిగినప్పటి నుంచి మంచం దిగలేదు. చూపు కూడా బాగా మందగించింది. పందిరి పక్క వీధిలోనే అయినా, కదిపితే నొప్పితో విలవిల్లాడుతుంది. ఫోనులో వీడియో చూపిస్తామని పిల్లలంటే వద్దంది. నన్ను పిలిపించి, "ఆ బుల్లి అద్దంలో నాకేం కనపడుద్దిరా? నువ్వు మన పాటలు వరసగా వెయ్యి, నేను ఇక్కడ పడుకునే చూసుకుంటా" అని చెయ్యి పట్టుకుంది. అదీ నా గాభరా.

చివరికి మా అమ్మాయే విసుగు దిగమింగుకుని, ఫోనులో ఏది నొక్కాలో, కంప్యూటరులో దేనికి సరే అనాలో ఒక్కొక్కటే చెప్పింది. పాటలు చీమల బారులా ఎక్కడం మొదలయ్యాయి. ఎక్కడ ఆగిపోతాయోనని టీ కూడా తాగకుండా తెర వైపే చూస్తూ కూర్చున్నాను. అన్నీ ఎక్కాక అక్కడొకటీ ఇక్కడొకటీ నొక్కి చూశాను. ఏది నొక్కితే అది పలికింది. అంతే, ప్రపంచం జయించినట్టు లేచాను. వరస ఎలా ఉందో చూడాలని తోచలేదు, కంప్యూటరులో ఉన్నట్టే ఉంటుందనుకున్నాను.

పెళ్లినాడు ఫోను తీసుకెళ్లి సౌండు చూసే అబ్బాయికిచ్చి, మగపెళ్లివారు దిగారని కబురు రాగానే మొట్టమొదటి దాని నుంచి మొదలుపెట్టమని చెప్పి, నేను పళ్లెం పట్టుకుని పెద్దరికంగా ఎదురు వెళ్లాను. పెళ్లికొడుకు కారు దిగి నా చేతి పానకం అందుకున్నాడు. సరిగ్గా అప్పుడు పందిట్లోంచి అప్పగింతల పాట ఎత్తుకుంది.

తరవాత అర్థమైంది, ఫోను నా వరసను పక్కన పెట్టి, ఇంగ్లీషు అక్షరాల ప్రకారం, 'ఎ'తో మొదలయ్యే అప్పగింతలను తీసుకెళ్లి అన్నింటికంటే పైన కూర్చోబెట్టిందని. అప్పటికైతే చేతిలో పళ్లెం, ముందు వియ్యాలవారు, వెనక బ్యాండు. వదిలి పరిగెత్తడానికి లేదు. వాళ్లేమో నవ్వుకుంటూ, ఫొటోలు దిగుతూ, ఆ ఏడుపు పాటకే అడుగులు వేస్తూ నింపాదిగా నడుస్తున్నారు. పందిరి చేరేసరికి పాట అయిపోయి అలాంటిదే ఇంకొకటి పడుతోంది. దాన్ని ఆపించి, అక్క దగ్గరికి పరిగెత్తాను.

పొద్దున మాత్రలు వేసుకుని కునుకు తీస్తున్న మనిషి ఆ పాటకి లేచినట్టుంది. కాళ్లు మంచం కిందికి జారవిడిచి, కోడు పట్టుకుని లేవబోతోంది. మొహమంతా కన్నీళ్లు. "పెళ్లంతా నిద్దరలోనే అయిపోయిందా? పిల్లని నాకు చూపెట్టకుండానే పంపిచ్చేత్తన్నారా?" అంది. ఇంకా పెళ్లికొడుకు ఇప్పుడే వచ్చాడక్కా, పాట తప్పు పడింది అంటే నా మాట నమ్మలేదు. "పాట అబద్ధం చెప్పుద్దా?" అంది. నాకు దుఃఖం ఆగలేదు. పడుకోబెట్టి, పెళ్లి ఇంకా కాలేదని ఒట్టేసి, నువ్వు వింటూ ఉండు అని చెప్పి, మళ్లీ పందిట్లోకి పోయి ఆ అబ్బాయిని పక్కకు జరిపి ఫోను ముందు నిలబడ్డాను. ఎదురుకోలు పాట మళ్లీ మొదటి నుంచి వేశాను. ముహూర్తానికి ఆపేశాను. సన్నాయి ఒక్కటే అక్క దాకా వెళ్లాలని ఆ కాసేపు ఊపిరి కూడా బిగబట్టాను. తలంబ్రాలైనా భోజనాలైనా ఒక్కో పాటా వేలితో వెతికి నొక్కినదే. తల ఎత్తితే వరస తప్పుతుందేమోనని తాళి కట్టడం నేను చూడనే లేదు. అక్క ఎంత చూసిందో నేనూ ఆ పెళ్లిని అంతే చూశాను.

సాయంత్రం అప్పగింతలప్పుడు పెళ్లిపిల్ల వచ్చి మంచం పక్కన కూర్చుని నాయనమ్మ గుండెల మీద పడి భోరుమంది. ఇల్లంతా ఏడుస్తోంది, అక్క కళ్లు మాత్రం పొడిగా ఉన్నాయి. "నా ఏడుపు పొద్దున్నే అయిపోయిందమ్మా, నువ్వు నవ్వుతా పో" అని పిల్ల తల నిమిరింది.

ఊరికి తిరిగి వచ్చినా నాకు మనసు కుదురుగా లేదు. పాట తారుమారైనందుకు కొంత, అంతకంటే ఆ తారుమారు ఎవరికీ పట్టనందుకు ఎక్కువ. పందిరి నిండా జనం, నా ఈడువాళ్లు కూడా ఉన్నారు. పెళ్లికొడుకు పందిట్లో అడుగు పెట్టకముందే పెళ్లికూతురిని సాగనంపే పాట పడితే ఒక్కరు చేతిలో గ్లాసు దించలేదు, ఒక్కరు ఇదేమిటని తల తిప్పలేదు. ఒకప్పుడు ఆ పాటకి ఊరు ఊరంతా వీధిలోకి వచ్చేది. ఇప్పుడు అది విని లేచి రావాలనుకున్న మనిషి ఆ ఊరంతటికీ ఒక్కతే మిగిలింది, ఆమేమో మంచం దిగలేదు.