ఒక్కటే తాళంచెవి

తాళాల మామయ్యగారికి ఉన్న జబ్బల్లా ఒక్కటే: ఇంటి తాళంచెవి ఇంట్లోవాళ్ళ దగ్గర ఉండకూడదు. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, కొడుకునీ కోడల్నీ పనులకు సాగనంపి, తలుపుకు తాళం వేసి, మెట్ల మీద ఎవరు ఎదురైతే వాళ్ళ చేతిలో పెట్టేవారు.

"కాస్త ఉంచు నాయనా, సాయంత్రం తీసుకుంటా."

సాయంత్రానికి ఎవరికిచ్చారో మరిచిపోయేవారు.

నలభై ఏళ్ళు ఊరందరికీ మారు తాళంచెవులు చేసిపెట్టిన మనిషి సొంతింటికి చేసుకున్నది ఒక్కటే.

"ఇంకోటి చెయ్యండి మామయ్యగారూ!" అని కోడలు మొత్తుకునేది.

"అదీ ఎవరికో ఇచ్చి మరిచిపోతానమ్మా. అప్పుడు రెండు వెతకాలి."

పరాయి దేశంలో వాళ్ళుండే ఆ నాలుగంతస్తుల ఇంట్లో రకరకాల రంగుల మనుషులు, ఎనిమిది భాషలు. మెట్ల మీద ఎదురైతే ఒకరినొకరు తప్ప అన్నీ చూసుకునేవారు. మామయ్యగారు మాత్రం సంచులతో అలిసి వచ్చిన కోడల్ని వెంటేసుకుని గడపగడపా ఎక్కేవారు. ఒక గడపలో టీ, ఒక గడపలో ఊడిన గడియకు మేకు, ఇంకో గడపలో వాళ్ళమ్మ మోకాళ్ళ నొప్పుల కబుర్లు. ఏ ఏడో గడపలోనో తాళంచెవి. అప్పటిదాకా కోడలు పొయ్యి ముట్టించే యోగం లేదు.

ఇలా ఉండగా మూడో అంతస్తులోకి ఓ బస్సు డ్రైవరు దిగాడు. నల్లటి మనిషి, నిలువెత్తు మనిషి, మెట్లెక్కితే మెట్లే పక్కకు తప్పుకునేటట్టుండేవాడు. ఆ వారమే కింది వాటా టీచరమ్మ సైకిలు మాయమైంది. తెల్లావిడ, పిల్లల్ని దండించిన గొంతు. డ్రైవర్ని ఖాళీ చేయించమని ఇంటి యజమానికి అర్జీ రాసి, పన్నెండు సంతకాలు పోగేసి, సాయంత్రం కోడల్ని మెట్ల దగ్గర పట్టుకుంది.

"అతను తియ్యడం ఎవరూ చూడలేదు కదండీ," కోడలు నసిగింది.

"చూడాలా ఏమిటి? మనిషిని చూస్తే చాలదూ!"

పొరుగుతో తగువెందుకని కోడలు కలం తెరిచింది. అంతలో మామయ్యగారు దిగారు.

"అమ్మాయీ, తాళంచెవి ఎవరికిచ్చానో! తల పైకెత్తి ఇచ్చిన గుర్తు. మెడ ఇంకా నొప్పిగానే ఉంది."

"ఆ డ్రైవరుకేనా! అయ్యో, ఇంట్లో నా బంగారు గాజులు!" అంది కోడలు.

"ఇంకేం, పదండి!" టీచరమ్మ అర్జీ పట్టుకుని అందరికంటే ముందు ఎక్కింది.

తట్టకముందే తలుపు తెరుచుకుంది. డ్రైవరు పిడికిలి విప్పాడు. చెమటతో తాళంచెవి తళతళలాడుతోంది.

"వచ్చారా పెద్దాయనా! ఈరోజు నాకు సెలవు. బజారుకు వెళ్దామనుకున్నా. మీరొచ్చేసరికి నేను లేకపోతే ఎలా అని కదల్లేదు. ఈ దేశానికి వచ్చి పదేళ్ళయింది, నా చేతికి ఇల్లు అప్పగించింది మీరే."

కోడలు కలం మూసింది.

"పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా?" అని గద్దించింది టీచరమ్మ.

"రొట్టె అయిపోయిందండీ."

ఆవిడ గబగబా దిగి మళ్ళీ ఎక్కింది. ఈసారి చేతిలో రొట్టె ఉంది. కాగితం లేదు.

నాలుగు రోజులకు ఆవిడ తమ్ముడు సైకిలు తెచ్చి, "చెప్పే తీసుకెళ్ళాను కదక్కా" అన్నాడు. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఆవిడ మూడో అంతస్తు ఎక్కి, నోరు రాక, ఇంకో రొట్టె ఇచ్చి దిగింది.

తర్వాత ఓ ఉదయం కోడలు స్టవ్ మీద పాలు పెట్టి చెత్త పడేయడానికి వెళితే, మామయ్యగారు అలవాటు కొద్దీ తాళం వేసేశారు. తాళంచెవి డ్రైవరుతో పాటు బస్సెక్కి పోయింది. లోపల మాడు వాసన. మామయ్యగారు కోడలి జడలోంచి పిన్ను లాగి, తాళంలో పెట్టి, రెండు మెలికలు తిప్పారు. తలుపు తెరుచుకుంది.

కోడలు స్టవ్ ఆర్పి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఇంత సులువా! మరి ఇన్నేళ్ళూ నన్నెందుకు మెట్లెక్కించారు? మరుపు కూడా అబద్ధమేనా?"

"నువ్వెక్కావు కాబట్టే గదమ్మా, కిందటి నెల నీకు జ్వరమొస్తే మూడిళ్ళ నుంచి గంజి వచ్చింది," అని ఆయన పిన్ను తుడిచి ఇచ్చారు. "నాకు మోకాళ్ళు పట్టేశాయి. ఓ చిన్న సాయం చేసిపెట్టు. నాలుగో అంతస్తులో నిన్న సామాను దింపుకున్నారు చూడు, నువ్వు భయపడ్డావే, వాళ్ళు. రేపు తాళంచెవి వాళ్ళకి నువ్వే ఇచ్చి రా."

"ఇస్తాను."

"ఎవరికిచ్చావో నాకు మాత్రం చెప్పకు. సాయంత్రం వెతుక్కోవాలి."