మోటారు కిట్లు చూసిన ఆదివారాలు

రాయగడలో నేను సైన్సు చెప్పే బడికి త్రీడీ ప్రింటరు వచ్చిన ఏడాదే మా అమ్మ పోయింది. ఆమె నర్సుగా పనిచేసి రిటైరైంది. నాకు పెళ్లి కాలేదు. ఇద్దరమే ఉండే క్వార్టర్లో ఆ వానాకాలం చివరికి ఒక్కదాన్నే మిగిలాను. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఇంట్లో ఏం చెయ్యాలో తోచేది కాదు. బడికి వెళ్లి, ల్యాబులో ప్రింటరు ఆన్ చేసి కూర్చునేదాన్ని. అది పొర మీద పొర ప్లాస్టిక్కు పోస్తూ గొణుక్కుంటుంటే, పక్క గదిలో ఎవరో పనిచేసుకుంటున్నట్టు ఉండేది.

అలా తాబేళ్లు, గాలిమరలు, ఏనుగుల బొమ్మలు పోగయ్యాయి. కాళ్లున్నాయి, చక్రాలున్నాయి, తిప్పే మోటారే లేదు. ప్రిన్సిపాల్ మేడం అవి చూసి, ఎనిమిదో తరగతి పిల్లలకి మోటారు కిట్లు కొందామని మూడు రకాలు నమూనాకి తెప్పించారు.

"ఏది మంచిదో చూసి రాసివ్వండి. మీకెలాగూ ఆదివారాలు ఖాళీయే కదా" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. అయినా ఆ మాట ఇంటిదాకా నాతోనే వచ్చింది.

మొదటి కిట్టు పెట్టె చాలా పెద్దది. లైట్లు, బజర్లు, రంగురంగుల వైర్లు నిండుగా ఉన్నాయి. మోటారు మాత్రం ఒక్కటే, అదీ గేరు లేనిది. బొమ్మకి తగిలిస్తే గిర్రున తిరిగి, బరువు పడగానే ఆగిపోయింది. రెండోదాంట్లో గేరున్న మోటారు, స్విచ్చున్న బ్యాటరీ డబ్బా, రెండు వైర్లు, చిన్న స్క్రూడ్రైవరు, అంతే. చూడ్డానికి వెలితిగా ఉంది. పైగా దాని ఇరుసు నా ఏనుగు కాలి చిల్లులో పట్టలేదు. మూడోది నాకు తెగ నచ్చింది. మోటారూ బ్యాటరీ కలిపి ఒకే నున్నటి డబ్బాలో మూసేశారు. నొక్కి తగిలిస్తే చాలు, ఏనుగు నడిచేసింది. 'ఎవరి సాయమూ అక్కర్లేదు' అని పెట్టె మీద ఇంగ్లీషులో అచ్చేసి ఉంది. ఆ రోజుల్లో నేను వినాలనుకున్న మాట అదే. దానికే ఎక్కువ మార్కులు వేశాను.

మూడో ఆదివారం అది ఆగిపోయింది. ఛార్జింగు పెట్టినా లేవలేదు. విప్పి చూద్దామంటే ఒక్క స్క్రూ కూడా లేదు.

స్టేషను వైపు వెళ్లే దారిలో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే చిన్న కొట్టుంది. విజయనగరం వైపు నుంచి వచ్చిన వ్యాపారుల కుటుంబంలోని పెద్దావిడ నడుపుతుంది. భర్త పోయాక మోటార్లకి తీగ చుట్టడం తనే నేర్చుకుందట. సోమవారం బడి అవగానే కిట్లూ ఏనుగూ సంచిలో వేసుకుని వెళ్లాను.

"ఏటి టీచరమ్మా, బొమ్మలాట మొదలెట్టేవా?" అంటూ మూసిన డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసింది. "దీనికి తలుపే లేదు. నేనెక్కడ దూరను? పాడైతే ఏటి సెయ్యమన్నారు?"

"కొత్తది కొనుక్కోమన్నారు పిన్నిగారూ."

"మరి పిల్లలకి ఏటి నేర్పుతావు, పారెయ్యడమా?"

ఆవిడ రెండో కిట్టు తెరిచింది. సన్నటి ఆకురాయితో ఏనుగు కాలి చిల్లుని కాస్త అరగదీసి, కుట్టుమిషను నూనె చుక్క వేసి, ఇరుసు దూర్చింది. స్విచ్చు వేస్తే ఏనుగు వెనక్కి నడిచింది.

"వైర్లు అటుదిటు మార్సు. నాకియ్యకు, నువ్వే మార్సమ్మి."

మార్చాను. ఏనుగు తడబడుతూ ముందుకి నడిచి, విప్పేసిన ఫ్యాను రెక్కకి గుద్దుకుని బోర్లా పడింది. ఇద్దరం నవ్వాం. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది.

"ఇంటికాడ ఎవరున్నారు?" అని అడిగింది.

"ఎవరూ లేరు. అమ్మ వానల్లో పోయింది."

ఆవిడ స్టూలు నా వైపు జరిపి, "కూకో, టీ తెప్పిస్తాను" అంది.

నా మార్కులు కొట్టేసి మళ్లీ రాశాను. వెలితిగా కనబడ్డ కిట్టే కొనమన్నాను. "పిల్లలు వైర్లు తప్పుగా కలిపితే?" అని అడిగారు ప్రిన్సిపాల్ మేడం. "తప్పుగా కలిపి దిద్దుకోవాలనే మేడం" అన్నాను. కొన్నారు. మొదటి రోజు సగం బొమ్మలు కదల్లేదు. క్లాసంతా నా బల్ల చుట్టూ మూగింది. గంట కొట్టినా కొందరు వెళ్లలేదు.

ఆ సంగతి చెబుదామని క్రిస్మస్ సెలవుల్లో కొట్టుకి వెళ్లాను. షట్టరు దించేసి ఉంది. కళ్ల ఆపరేషనుకని కూతురింటికి వెళ్లిందనీ, ఎప్పుడొస్తుందో తెలీదనీ పక్క కొట్టాయన చెప్పాడు.

"ఫోన్ సేస్తే సెప్తాను. ఎవరొచ్చేరని సెప్పమంటారు?"

ఆవిడ నా పేరు ఎప్పుడూ అడగలేదు. నేనూ ఆవిడ పేరు అడగలేదు.

"బళ్లో టీచరు వచ్చిందని చెప్పండి" అన్నాను. ఆయన తలూపి, వేరే బేరం రావడంతో అటు తిరిగాడు. నేను ఇంటి దారి పట్టాను.