చీరకు చుట్టిన వార్తలు

మా ఇంట్లో అందరూ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని బతికారు. నేనొక్కణ్ణే చొక్కా జేబులో పెన్ను పెట్టుకుని బతుకుదామనుకున్నాను. అప్పట్లో గద్వాలలో పేపరుకు వార్తలు రాసేవాడంటే హోటల్లో చాయ్ ముందు వచ్చేది. జీతమే రాకపోయేది.

పని ఇట్లా ఉండేది. రాసిన వార్తను కవర్లో పెట్టి పాలమూరు బస్సు డ్రైవరు చేతికిస్తే, అక్కడి బస్టాండులో జిల్లా ఆఫీసువాళ్లు తీసుకునేవారు. అచ్చయితే ఆ ముక్కను కత్తిరించి, తెల్లకాగితం మీద అతికించి నెలాఖరుకు పంపాలి. వాళ్లు స్కేలు పెట్టి కొలిచి, సెంటీమీటరుకింత అని ఇస్తారు. కొత్తవాళ్లకు అదీ లేదు. ఊరికే రాసీ రాసీ విసుగొచ్చి నేను అడిగితే, ఆఫీసు పెద్దాయన ఒక మాట అన్నాడు.

"ఈ నెల కటింగులు పంపు. నచ్చితే బిల్లు మొదలైతది. లేకుంటే వేరేటోణ్ణి చూస్కుంటం."

ఇంటికొచ్చి చెబితే నాయిన మగ్గం ఆపకుండానే అడిగాడు.

"కొలిచి ఇస్తరా?"

"అవు నాయినా, స్కేలు పెట్టి."

"కొలిచి కూలి ఇచ్చుడంటే మన పని లెక్కనే ఉన్నది గదరా. సరే, ఈ నెల సూస్త. పైసలు రాకుంటే సప్పుడు చెయ్యకుండ వచ్చి మగ్గంల కూసో."

ఆ నెలంతా వార్తల్ని సాగదీసి రాశాను. వీధిలో బోరింగు పాడైతే, అది ఎప్పుడు వేశారు, మొదటి బిందె ఎవరు పట్టారు అన్న దగ్గర్నుంచి మొదలుపెట్టాను. పాలమూరులో కత్తెర పట్టుకున్న మహానుభావుడు చరిత్రంతా తీసేసి, బోరింగును మాత్రం మిగిల్చాడు. వీపనగండ్ల రైతులు కరెంటు కోసం రోడ్డు మీద కూర్చుంటే, వాళ్లకన్నా ఎక్కువసేపు నేను కూర్చున్నాను. మొత్తానికి కొన్ని అచ్చయ్యాయి. ఆ పేపర్లన్నీ మగ్గం పక్కన గూట్లో పేర్చాను. నెలాఖరుకు ఒకేసారి కత్తిరిద్దామని నా తెలివి.

చివరి వార్త కోసం అలంపూర్ పోయి, మర్నాడు ఇంటికొచ్చి చూస్తే గూడు ఖాళీ.

"అమ్మా, గూట్ల పేపర్లేవి?"

"మీ నాయిన చీరలకు చుట్టిండు గద. నిన్ననే వనపర్తి సేఠు దుక్నంల ఇచ్చొచ్చిండు. ఇప్పుడు జరీ తెస్తనని పోయిండు."

పాత పేపరు ఇంకోటి కొందామన్నా దొరకదు, మిగిలినవి ఏజెంటు ఎప్పటికప్పుడు వెనక్కి పంపేస్తాడు. కటింగులు లేకుంటే బిల్లు లేదు, బిల్లు లేకుంటే మగ్గం గుంట. వనపర్తి బస్సెక్కి దారిపొడుగునా నాయినను తిట్టుకున్నాను. ఊళ్లో అన్ని కాగితాలుండగా ఈయనకు నావే దొరికాయా అని మండిపోయాను.

దుకాణంలో సేఠు గద్దె మీద కూర్చుని ఉన్నాడు.

"సేఠ్, మా నాయిన ఇచ్చిన చీరలకు చుట్టిన కాగితాలు కావాలె."

"చీరలొద్దా?"

"ఒద్దు. కాగితాలే."

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "పేపర్ల రాసే పిలగానివి నువ్వేనా? మీ నాయిన జర పరేషాన్ చేస్తుండు గదయ్యా. దుక్నంల అడుగు పెట్టంగనే, ముందుగాల మీది కాగితం సదువు సేఠ్, మావోడు రాసింది అంటడు. నేను సదివేదాంక చీర విప్పనియ్యడు."

చీరలు తీసి నా ముందు పెట్టాడు. గద్వాల చీరను కొంగు పైకి కనబడేలా మడుస్తారు. నాయిన పేపరునూ అట్లాగే మడిచాడు. సరిగ్గా కొంగు ఉన్నచోట, పైకి, నా బోరింగు. ఇంకో చీర మీద వీపనగండ్ల రైతులు. కొత్త బట్టకు మూలన పెట్టినట్టు ప్రతి వార్త పక్కనా చిన్న పసుపు బొట్టు. నాయినకు చదువు రాదు. చాయ్ హోటల్లో ఎవరినో అడిగి, నేను రాసింది ఎక్కడుందో చూపించుకుని, పసుపుతో గుర్తు పెట్టుకున్నాడని సేఠు చెప్పాడు.

బస్సులో తిట్టుకున్నదంతా గుర్తొచ్చింది. చీరల ముందు కూర్చుని ఏడ్చాను. జరీ మీద కన్నీళ్లు పడతాయని సేఠు గాభరాగా చీరలు పక్కకు జరిపి, ఒక కత్తెర ఇచ్చాడు.

పసుపు బొట్లతోనే కటింగులు పాలమూరు పోయాయి. పేపరు ఆఫీసుకు ఇట్ల బొట్టు పెట్టి పంపినోణ్ణి నిన్నే చూసిన అని పెద్దాయన నవ్వాడు. బిల్లు మొదలైంది.

ఆ తర్వాత నేను తెలివి తెచ్చుకుని, పేపరు రాగానే నా వార్త కత్తిరించుకుని మిగతాది గూట్లో పెట్టేవాణ్ని. ఒకరోజు నాయిన ఆ పేపరు ఎత్తి పట్టుకుని, మధ్యలో పడ్డ కంతలోంచి నన్ను చూశాడు.

"గింత పెద్ద బొక్క పెడితే చీరెట్ల చుట్టాలెరా?"

అప్పటినుంచి రోజూ రెండు పేపర్లు కొన్నాను. ఒకటి ఆఫీసువాళ్లు కొలుచుకోవడానికి, ఒకటి నాయిన చుట్టుకోవడానికి.