ఛాతీమీది అక్షరం

ఓర్విల్ ఊళ్ళో పన్నెండో తరగతికి వచ్చిన పిల్లలంతా ఆగస్టులో ఒకసారి ఫొటోకోసం లోర్నా వాషెక్ చేతిలో పడాల్సిందే. ఫొటోలు తీసేది ఆమె మొగుడు డెల్బర్ట్. కానీ ఊళ్ళో ఎవరూ డెల్బర్ట్ పేరెత్తరు, "లోర్నా దగ్గరికి వెళ్తున్నాం" అంటారు. ఆయన కెమెరా వెనక నిలబడి ఓపిగ్గా బొత్తం నొక్కుతాడు, అంతే. ఏ చొక్కా వేసుకోవాలి, ఏది సంచీలోనే ఉండిపోవాలి అన్న తీర్పు మాత్రం లోర్నాది. ముప్ఫై నాలుగేళ్ళుగా దానిమీద అప్పీలు లేదు.

ఆమె నోటికి జడవని తల్లి లేదు. "ఈ ఆకుపచ్చ చొక్కాతో గడ్డిలో కూర్చుంటే నీ తలకాయ ఒక్కటే కనిపిస్తుంది నాయనా, మీ నానమ్మ జడుసుకుంటుంది" అంటుంది. "గీతల చొక్కా వద్దమ్మాయ్, నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అంటుంది. మాడిపోయే ఎండలో పిల్లలకి ఉన్ని స్వెట్టర్ తొడిగి, మొహాన చెమట అద్ది, "నవ్వు, అక్టోబరనుకో" అంటుంది. ఎన్ని మాటలన్నా మళ్ళీ తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ ఆమె దగ్గరికే తీసుకొస్తారు. ఎందుకంటే లోర్నా బట్టల విషయంలో అబద్ధమాడదు. అదే ఆమె గొప్ప, కొంచెం పొగరు కూడా.

ఆమెకొక పద్ధతి ఉంది. ప్రతి ఒక్కరూ నాలుగు జతలు తేవాలి. వాటిని బల్లమీద పరిచి, ఒక్కోదాన్నీ చూపించి ఒకే ప్రశ్న వేస్తుంది: "ఇది ఎవరికోసం?" ఏడాది చివర పిల్లలందరి ఫొటోలతో అచ్చయ్యే స్కూలు పుస్తకంకోసం ఒకటి, అమ్మకోసం ఒకటి, నానమ్మకోసం ఒకటి. నాలుగోది తమకోసం. అక్కడికొచ్చేసరికి పిల్లలు నీళ్ళు నములుతారు. ఒకడు తాత మొక్కజొన్న విత్తనాల కంపెనీ టోపీ తెస్తాడు, ఒకతె పందుల పోటీలో వేసుకున్న బురద బూట్లు తెస్తుంది. లోర్నా ఆ నాలుగోదాన్ని చూసి ఎన్నడూ నవ్వలేదు.

మగపిల్లల్లో సగంమంది, ఆడపిల్లల్లోనూ కొందరు ఆటల కోటు తెస్తారు. నీలం ఉన్ని, తెల్లతోలు చేతులు, ఛాతీమీద ఊరి పేరులో మొదటి అక్షరం అరచేయంత. ఆ అక్షరం కొంటే వచ్చేది కాదు. స్కూలు జట్టులో ఆడి సంపాదించుకున్నవాళ్ళకే ఇస్తారు. ఎవరు ఏ ఆటలో ఏ ఏడు సంపాదించారో ఓర్విల్‌లో కిరాణాకొట్టు ఆవిడని అడిగినా చెప్తుంది.

ఆ ఏడు ఆగస్టు రెండోవారంలో జోలీన్ ట్రూయెట్ తన కూతురు బ్రిన్‌ని తీసుకుని వచ్చింది. వయోమింగ్ రాష్ట్రం నుంచి ఈ ఊరికి వచ్చి రెండేళ్ళయింది. జోలీన్ ఊరి బయట మాంసం ఫ్యాక్టరీలో, చలిగదిలో ముక్కలు కోసే పని చేస్తుంది. బ్రిన్ స్కూలు వదలగానే వృద్ధాశ్రమానికి వెళ్ళి, అక్కడి ముసలివాళ్ళకి తినిపించి, స్నానాలు చేయించి ఇంటికొస్తుంది. ఆ పిల్లకి ఆటలకి తీరికెక్కడిది?

జోలీన్ సంచీలోంచి తెల్లగౌను తీసింది, పసుపుపచ్చ స్వెట్టర్ తీసింది, జీన్సు మీదికి ఒక పూల చొక్కా తీసింది. చివర్న, పెళ్ళిచీర విప్పినంత జాగ్రత్తగా, ఆటల కోటు విప్పి పరిచింది.

"ఇది పుస్తకంకోసం" అంది, లోర్నా అడక్కముందే. "చర్చి సంతలో పాతబట్టల్లో దొరికిందండీ. కొత్తదానిలా లేదూ? ఇక్కడి పిల్లలకి అందరికీ ఉంటాయిగా. మా పిల్ల ఒక్కతీ లేకుండా ఎందుకుండాలి?"

లోర్నా కోటు తిప్పి చూసింది. ఇదివరకు వేసుకున్నమ్మాయి పేరు కుట్టిన దారాలు ఎవరో ఎంతో ఓపిగ్గా ఊడదీశారు. కానీ సూది గుచ్చిన చుక్కలు అలాగే ఉన్నాయి. వేలితో తడిమితే పేరు తెలిసిపోతోంది. అక్షరంమీద వాలీబాల్ బిళ్ళ కూడా తళతళలాడుతోంది. బ్రిన్ తన బూట్ల వంక చూస్తూ నిలబడింది.

"నువ్వేమంటావే పిల్లా?"

"అమ్మ తెచ్చింది కదండీ" అంది బ్రిన్.

ఇంకో తల్లయితే లోర్నా కుండబద్దలు కొట్టేసేది. కానీ జోలీన్ మొహంలో వెలుగు చూశాక నోరు రాలేదు. చెప్పకపోతే పుస్తకంలో పడుతుంది, ఊరంతా చూస్తుంది, ఆ పిల్లని నవ్వులపాలు చేస్తుంది. చెబితే ఈ తల్లి ఇక్కడే తలొంచుకుంటుంది. ముప్ఫై నాలుగేళ్ళలో మొదటిసారి లోర్నా అబద్ధానికి దిగింది.

"తెల్లతోలు ఎండకి మెరుస్తుందమ్మా. ఫొటోకి పనికిరాదు."

జోలీన్ గోడవంక చూసింది. గోడనిండా పాత పిల్లల ఫొటోలు, సగంమంది ఒంటిమీద ఆటల కోట్లే.

"వాళ్ళవి మెరవలేదా? మేం వేసుకుంటేనే మెరుస్తాయా?"

లోర్నాకి సిగ్గేసింది. లోపలి గదిలోకి వెళ్ళి, కుట్టుపెట్టె అడుగునుంచి ఒక పాత ఫొటో తెచ్చి కోటుమీద పెట్టింది. ఫొటోలో సన్నటి పిల్ల, ఛాతీమీద అదే అక్షరం ఉన్న స్వెట్టర్.

"నేనే. నలభై అయిదేళ్ళ కిందట."

"చక్కగా ఉన్నారు కదండీ."

"చక్కగానే ఉన్నాను. ఆ స్వెట్టర్ పక్కింటి కోనీది. మా అమ్మ అడిగి తెచ్చింది. నేను పుట్టి బుద్ధెరిగి బంతి ముట్టుకోలేదు. పుస్తకం వచ్చిన రోజునుంచి స్కూలు అయిపోయేదాకా అందరూ నన్ను 'కోనీ' అనే పిలిచారు. పదేళ్ళకోసారి మా క్లాసువాళ్ళు కలుస్తారు. కలిసినప్పుడు ఈ ఫొటోనే బిళ్ళ చేసి గుండెలకి గుచ్చుతారు. ఒక్కసారి వెళ్ళాను. ఇక వెళ్ళలేదు."

కెమెరా మూత తుడుస్తూ గుమ్మంలో నిలబడ్డ డెల్బర్ట్ చెయ్యి ఆగిపోయింది. తన పెళ్ళానికి జనంలోకి వెళ్ళడం ఇష్టముండదనే ఇన్నేళ్ళూ అనుకున్నాడు పాపం.

జోలీన్ ఆ ఫొటోని చేతిలోకి తీసుకుంది. "మరి మీ అమ్మకి చెప్పారా?"

"లేదు. హాల్లో పెద్దది చేయించి పెట్టుకుంది. ఎవరొచ్చినా చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళి చూపించేది. అలా చూపించినప్పుడల్లా నేను వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఆవిడ పోయేదాకా అంతే."

జోలీన్ కూతురివైపు తిరిగింది. గొంతు మామూలుగానే ఉంది, అది మామూలు కాదని లోర్నాకి తెలిసింది.

"నువ్వూ వంటింట్లోకి వెళ్ళిపోతావా?"

బ్రిన్ తల ఎత్తలేదు. "వెళ్తానమ్మా" అంది, అని ఏడ్చేసింది.

"ఓసి మొద్దూ! ఆ ఏడుపేదో సంతలోనే ఏడవచ్చుగా! ముగ్గురు ఆడవాళ్ళతో పోట్లాడి లాక్కొచ్చానే దాన్ని!" అని జోలీన్ పిల్లని గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ ఒకేసారి నవ్వారు, ఏడ్చారు. లోర్నా ముక్కు చీదుకుని, ఆ చప్పుడుని దగ్గుకింద జమకట్టింది.

"సరే, తుడుచుకో, కళ్ళు వాచిపోతే డెల్బర్ట్ ఏం చేయలేడు. ఇప్పుడు చెప్పు. నీకోసం ఏది?"

"కారులో ఉందండీ" అంది బ్రిన్. పరుగెత్తుకెళ్ళి తెచ్చింది. వృద్ధాశ్రమంలో వేసుకునే ముదురెరుపు బట్టలు, జేబుమీద పెన్ను మరక, పక్కన పేరున్న బిళ్ళ.

"ముసలాళ్ళకి స్నానాలు చేయించే గుడ్డలా?" అంది జోలీన్. "పుస్తకంలోకా?"

"హెరాల్డ్ తాత నేనెవరో రోజూ మర్చిపోతాడమ్మా. ఈ బిళ్ళమీద పేరు చదువుకుని 'బ్రిన్, నువ్వు కొత్తగా వచ్చావా?' అంటాడు. రోజూ అంటాడు. రోజూ నన్ను చూసి సంతోషపడతాడు."

జోలీన్ ఆ బిళ్ళమీది పేరు తనూ ఒకసారి చదువుకుంది. అప్పుడు లోర్నాని అడిగింది, "ఇస్త్రీపెట్టె ఉందా?"

తనే ఇస్త్రీ చేసింది. రోజంతా కత్తి పట్టుకుని బిగిసిపోయిన వేళ్ళతో, కాలరు అంచులూ జేబు మూలలూ వదలకుండా చేసింది. లోర్నా పక్కన కూర్చుని చిన్నకత్తెరతో కోటుమీది అక్షరాన్ని ఊడదీసింది. "ఇది లేకపోతే మంచి వెచ్చటి కోటు. ఆ చలిగదికి నువ్వేసుకో" అంది. ఆ తర్వాత పిల్లని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, గడ్డం కొంచెం పైకెత్తి, "ఇది ఎవరికోసం?" అనడిగింది.

"నాకోసం. పుస్తకంలోకి కూడా ఇదే."

డెల్బర్ట్ బొత్తం నొక్కాడు.

అక్టోబరులో అచ్చయిన పెద్ద ఫొటోని లోర్నా స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చింది. వారం తర్వాత, వాళ్ళు తన దగ్గర మర్చిపోయిన పూల చొక్కా ఇవ్వడానికి మళ్ళీ వెళ్ళింది. జోలీన్ అప్పుడే డ్యూటీ దిగి వచ్చినట్టుంది, అక్షరం లేని ఆ నీలం కోటులోనే తలుపు తీసింది. వచ్చింది ఎవరన్న ధ్యాసే లేకుండా లోర్నా చెయ్యి పట్టుకుని హాల్లోకి లాక్కెళ్ళింది.

"మా పిల్ల ఫొటో చూశారా అండీ?"

వంటింట్లో గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగింది. బ్రిన్ తడిచేతులతో గబగబా బయటికొచ్చి, "అమ్మా, ఆవిడే కదా తీయించింది!" అంటూ, గోడమీద తన ఫొటో పక్కనే వచ్చి నిలబడింది.